సికిల్ సెల్ ఎనీమియా - పర్‌ప్యూరా

సికిల్ సెల్ ఎనీమియా లేదా కొడవలి కణ రక్తహీనత తల్లిదండ్రుల నుండి పిల్లలకు సంక్రమించే ఒక జన్యు సంబంధమైన రక్తవ్యాధి. పర్‌ప్యూరా అనగా చర్మం క్రింద రక్తం చిమ్మడం వలన ఏర్పడే ఊదారంగు మచ్చలు. ఇది ఒక వ్యాధి పేరు కాదు, అనేక వ్యాధులలో కనిపించే ఒక లక్షణం. మొదటిది ఎర్ర రక్త కణాలకు సంబంధించినది. రెండవది ఎక్కువగా రక్త ఫలకికలకు, అనగా ప్లేట్‌లెట్లకు, లేదా రక్తనాళాల గోడలకు సంబంధించినది. రెండూ రక్తానికి చెందినవే కావడం వలన, రెండింటిలోనూ కీళ్ళనొప్పి, కడుపునొప్పి కనిపించే అవకాశం ఉండడం వలన ఒకదానిని మరొకటిగా పొరబడడం కద్దు.

సికిల్ సెల్ వ్యాధి తనంతట తానుగా సాధారణంగా పర్‌ప్యూరాను కలిగించదు. అందువలన ఈ వ్యాధి ఉన్నవారి చర్మంపై ఇటువంటి మచ్చలు కనిపిస్తే వాటిని పాత జబ్బులో భాగమని వదలివేయరాదు. ప్లీహం ఉబ్బడం, తీవ్రమైన అంటువ్యాధి, మందుల ప్రభావం వంటి వేరొక కారణాన్ని వెంటనే వెదకవలసి ఉంటుంది.

పర్‌ప్యూరా

లాటిన్ భాషలో పర్‌ప్యూరా అంటే ఊదారంగు. ప్రాచీన కాలంలో సముద్రపు నత్తల నుండి తీసిన ఖరీదైన రంగుకు ఈ పేరు ఉండేది. చర్మంలోని సన్నని రక్తనాళాల నుండి రక్తం బయటకు వచ్చి అక్కడే నిలిచిపోయినప్పుడు ఈ మచ్చలు ఏర్పడతాయి. ఇవి మొదట ఎర్రగా ఉండి, తరువాత ఊదారంగుకు, ఆ పైన గోధుమ, పసుపు రంగులకు మారి కొన్ని రోజులలో మాయమవుతాయి. మచ్చ మీద గాజు గ్లాసును ఆనించి నొక్కినా రంగు పోదు. మామూలు దద్దుర్లు నొక్కినప్పుడు తెల్లబడతాయి. ఈ రెండింటికీ తేడా తెలుసుకోవడానికి ఇది సులభమైన పద్ధతి.

పరిమాణాన్ని బట్టి వీటిని మూడు రకాలుగా విభజిస్తారు.

- పెటీకియే: 3 మిల్లీమీటర్ల కంటే చిన్నవి. సూదిమొనతో పొడిచినట్లు చుక్కలుగా ఉంటాయి.
- పర్‌ప్యూరా: 3 మిల్లీమీటర్ల నుండి 1 సెంటీమీటరు వరకు ఉండే మచ్చలు.
- ఎకిమోసిస్: 1 సెంటీమీటరు కంటే పెద్దవి. దెబ్బ తగిలి కమిలినట్లు కనిపిస్తాయి.

చామనఛాయ, నలుపు శరీరం కలవారిలో ఈ మచ్చలు తేలికగా కంటికి కనబడవు. అరచేతులు, అరికాళ్ళు, కనురెప్పల లోపలి భాగం, అంగిలి, చిగుళ్ళు పరీక్షించి చూడాలి.

పర్‌ప్యూరాకు కారణాలను స్థూలంగా మూడు విధాలుగా చెప్పవచ్చు.

- ప్లేట్‌లెట్లు తగ్గడం: ఒక మైక్రోలీటరు రక్తంలో సాధారణంగా 1,50,000 నుండి 4,50,000 వరకు ప్లేట్‌లెట్లు ఉంటాయి. 50,000 కంటే తగ్గినప్పుడు చిన్న గాయాలకు కూడా ఎక్కువ రక్తం పోవచ్చు. 20,000 కంటే తగ్గినప్పుడు ఏ గాయమూ లేకుండానే రక్తస్రావం జరిగే ప్రమాదం పెరుగుతుంది. రోగనిరోధక వ్యవస్థ పొరపాటున సొంత ప్లేట్‌లెట్లనే నాశనం చేసే ఐ.టి.పి. అనే వ్యాధి ఈ కోవకు చెందుతుంది.
- రక్తనాళాలు వాచడం: ప్లేట్‌లెట్లు సరిపడినన్ని ఉన్నా రక్తనాళాల గోడలు దెబ్బతినడం వలన మచ్చలు వస్తాయి. పిల్లలలో కనిపించే హెనాక్ షోన్‌లైన్ పర్‌ప్యూరా దీనికి ఉదాహరణ. దీనిని ఇప్పుడు ఐజిఎ వాస్క్యులైటిస్ అని కూడా పిలుస్తున్నారు.
- రక్తం గడ్డకట్టే క్రమం తప్పడం: రక్తంలో తీవ్రమైన సూక్ష్మజీవుల దాడి జరిగినప్పుడు గడ్డకట్టించే పదార్థాలు ఖర్చయిపోయి పెద్ద పెద్ద ఊదా మచ్చలు వస్తాయి.

సికిల్ సెల్ ఎనీమియా

ఎర్ర రక్త కణాలలోని హీమోగ్లోబిన్ ప్రాణవాయువును శరీరమంతటికీ మోసుకుపోతుంది. 11వ క్రోమోజోము మీద ఉన్న బీటా గ్లోబిన్ జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారడం వలన, ఆ ప్రోటీను గొలుసులో 6వ స్థానంలో ఉండవలసిన గ్లుటామిక్ ఆమ్లం బదులు వేలీన్ వచ్చి చేరుతుంది. ఇలా ఏర్పడిన హీమోగ్లోబిన్‌ను హీమోగ్లోబిన్ ఎస్ అంటారు. ప్రాణవాయువు తగ్గినప్పుడు ఈ హీమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కొని పొడవైన పోగులుగా మారతాయి. దానితో గుండ్రని కణం కొడవలి ఆకారం దాల్చుతుంది.

ఈ కణాలు గట్టిగా ఉండి సన్నని రక్తనాళాలలో ఇరుక్కొని రక్త ప్రసరణకు అడ్డుపడతాయి. ఆ భాగంలో తీవ్రమైన నొప్పి వస్తుంది. మామూలు ఎర్ర కణం సుమారు 120 రోజులు జీవిస్తే కొడవలి కణం 10 నుండి 20 రోజులలోనే నశిస్తుంది. అందువలన రక్తహీనత, కళ్ళు పచ్చబడడం కనిపిస్తాయి.

తల్లి, తండ్రి ఇద్దరి నుండీ ఈ జన్యువు వచ్చిన వారికే వ్యాధి వస్తుంది. ఒక్కరి నుండి మాత్రమే వచ్చిన వారిని వాహకులు అంటారు. వీరు సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు. ఇద్దరు వాహకులు వివాహం చేసుకున్నప్పుడు ప్రతి కాన్పులోను బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం, వాహకత్వం వచ్చే అవకాశం 50 శాతం, ఏదీ రాకపోవడానికి అవకాశం 25 శాతం ఉంటుంది. వాహకులలో పర్‌ప్యూరా కనిపిస్తే దానిని వాహకత్వానికి ఆపాదించరాదు.

ప్లీహం పాత్ర

ఈ రెండింటి మధ్య సంబంధాన్ని అర్థం చేసుకోవడానికి ప్లీహం గురించి తెలుసుకోవాలి. ప్లీహం కడుపులో ఎడమవైపు ప్రక్కటెముకల క్రింద ఉంటుంది. వయసుడిగిన కణాలను వడపోయడం, కొన్ని రకాల సూక్ష్మజీవులను రక్తం నుండి తొలగించడం దీని పనులు. శరీరంలోని ప్లేట్‌లెట్లలో దాదాపు మూడవ వంతు ఎప్పుడూ ప్లీహంలోనే నిల్వ ఉంటాయి.

సికిల్ సెల్ వ్యాధిలో కొడవలి కణాలు ప్లీహంలో మాటిమాటికీ ఇరుక్కోవడం వలన అది క్రమంగా ఎండిపోయి, కుంచించుకుపోతుంది. ఆఫ్రికా సంతతికి చెందిన రోగులలో ఇది తరచుగా చిన్న వయసులోనే జరుగుతుంది. ప్లీహం పోయిన తరువాత దానిలో నిల్వ ఉండవలసిన ప్లేట్‌లెట్లు కూడా రక్తంలోనే తిరుగుతాయి. కాబట్టి వీరిలో ప్లేట్‌లెట్ల సంఖ్య మామూలు కంటే ఎక్కువగా ఉంటుంది. సికిల్ సెల్ వ్యాధిలో పర్‌ప్యూరా అరుదు కావడానికి ఇది ఒక ముఖ్య కారణం.

భారతదేశంలోని గిరిజనులలో పరిస్థితి కొంత భిన్నంగా ఉంటుంది. ఇక్కడి రోగులలో ఎక్కువమందికి అరబ్-ఇండియన్ అనబడే జన్యు నేపథ్యం ఉంటుంది. వీరి రక్తంలో శైశవ దశకు చెందిన హీమోగ్లోబిన్ ఎఫ్ ఎక్కువ పాళ్ళలో మిగిలి ఉండి, కణాలు కొడవలిగా మారడాన్ని కొంతవరకు ఆపుతుంది. అందువలన ప్లీహం త్వరగా ఎండిపోదు. పెద్ద పిల్లలలోను, పెద్దవారిలోను అది ఉబ్బి ఉండడం కనిపిస్తుంది. పల్లెలలో దీనినే కడుపులో బల్ల పెరిగింది అంటారు. ఇలా పెరిగిన ప్లీహం ప్లేట్‌లెట్లను తనలోనికి లాగివేసుకుంటే రక్తంలో వాటి సంఖ్య పడిపోతుంది. విదేశీ పుస్తకాలలో చదివిన "సికిల్ సెల్ రోగికి ప్లేట్‌లెట్లు ఎక్కువ" అనే సూత్రం మన ప్రాంతపు రోగులందరికీ వర్తించదు.

రెండూ కలిసి కనిపించే సందర్భాలు

సికిల్ సెల్ వ్యాధి ఉన్నవారిలో పర్‌ప్యూరా లేదా ప్లేట్‌లెట్ల తగ్గుదల క్రింది సందర్భాలలో రావచ్చు.

- ప్లీహంలో రక్తం చిక్కుకుపోవడం: ముఖ్యంగా చిన్నపిల్లలలో కొన్ని గంటలలోనే రక్తం ప్లీహంలోకి చేరి నిలిచిపోతుంది. కడుపు ఎడమవైపు ఉబ్బుతుంది, పిల్లవాడు పాలిపోతాడు. హీమోగ్లోబిన్ మామూలుగా ఉండే స్థాయి నుండి 2 గ్రాములు లేదా అంతకంటే ఎక్కువ పడిపోతుంది. ప్లేట్‌లెట్లు కూడా తగ్గుతాయి. ఇది ప్రాణాపాయ స్థితి.
- తీవ్రమైన అంటువ్యాధి: ప్లీహం పనిచేయని వారికి న్యుమోకాకస్, మెనింగోకాకస్ వంటి సూక్ష్మజీవుల వలన రక్తం విషపూరితమయ్యే ప్రమాదం ఎక్కువ. జ్వరంతో పాటు ఊదా మచ్చలు వేగంగా వ్యాపిస్తే దానిని పర్‌ప్యూరా ఫల్మినాన్స్ అంటారు. ఇటువంటి వారికి గంటల వ్యవధిలో సూదిమందు ద్వారా యాంటీబయాటిక్ ఇవ్వాలి.
- మూలుగ చనిపోవడం: తీవ్రమైన నొప్పి దశలో ఎముక మూలుగకు రక్తం అందక అది చనిపోయి, అందులోని కొవ్వు కణికలు రక్తంలో కలిసి ఊపిరితిత్తులకు, మెదడుకు చేరవచ్చు. మెడ, రొమ్ము, చంకలు, కనురెప్పల లోపల పెటీకియే చుక్కలు, ఆయాసం, మతి తప్పడం దీని లక్షణాలు. ఇది అరుదు, కాని చాలా ప్రమాదకరం.
- డెంగ్యూ, మలేరియా: రెండింటిలోను ప్లేట్‌లెట్లు పడిపోతాయి. వాహకులకు తీవ్రమైన మలేరియా నుండి కొంత రక్షణ ఉన్నది. కాని వ్యాధి ఉన్నవారికి మలేరియా సోకితే రక్తహీనత మరింత ముదురుతుంది.
- హైడ్రాక్సీయూరియా: నొప్పి దశలను తగ్గించడానికి వాడే ఈ మందు మూలుగలో కణాల తయారీని నెమ్మదింపజేస్తుంది. మోతాదు ఎక్కువైతే ప్లేట్‌లెట్లు తగ్గుతాయి. ఈ మందు వాడేవారు క్రమం తప్పకుండా రక్త పరీక్ష చేయించుకోవడానికి ఇది ఒక కారణం.
- రక్తం ఎక్కించిన తరువాత: అరుదుగా రక్తం ఎక్కించిన 5 నుండి 10 రోజుల తరువాత ప్లేట్‌లెట్లు అకస్మాత్తుగా పడిపోయి పర్‌ప్యూరా వస్తుంది. పదేపదే రక్తం తీసుకొనేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.
- ఐ.టి.పి.: సికిల్ సెల్ వ్యాధితో సంబంధం లేకుండా యాదృచ్ఛికంగా రావచ్చు.
- టి.టి.పి.: సన్నని రక్తనాళాలలో గడ్డలు ఏర్పడి, ప్లేట్‌లెట్లు ఖర్చయిపోయి, ఎర్ర కణాలు ముక్కలయ్యే వ్యాధి. సికిల్ సెల్ రోగిలో ఒకేసారి అనేక అవయవాలు దెబ్బతిన్నప్పుడు కూడా ఇటువంటి చిత్రమే కనబడడం వలన గుర్తించడం కష్టం.

గుర్తించడంలో పొరపాట్లు

హెనాక్ షోన్‌లైన్ పర్‌ప్యూరాలో కీళ్ళు వాస్తాయి, కడుపులో మెలిపెట్టినట్లు నొప్పి వస్తుంది. సికిల్ సెల్ నొప్పి దశలోనూ ఇవే ఉంటాయి. సికిల్ సెల్ ఉన్నట్లు తెలిసిన పిల్లవానికి ఈ నొప్పులు వస్తే అందరూ పాత జబ్బే తిరగబెట్టిందని అనుకొనే అవకాశం ఉన్నది. పిరుదులు, పిక్కల మీద చేతికి తగిలేటట్లు ఉబ్బిన ఊదా మచ్చలు ఉండడం, ప్లేట్‌లెట్లు సరిపడినన్ని ఉండడం హెనాక్ షోన్‌లైన్ పర్‌ప్యూరాకు గుర్తులు. మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదం ఉన్నందున మూత్ర పరీక్ష కూడా చేయాలి.

దీనికి విరుద్ధమైన పొరపాటు కూడా కలదు. వ్యాధి ఉన్నట్లు తెలియని బిడ్డను ప్లేట్‌లెట్లు తగ్గాయని తీసుకువచ్చినప్పుడు ఐ.టి.పి. అని భావించవచ్చు. ఐ.టి.పి.లో సాధారణంగా ప్లేట్‌లెట్లు మాత్రమే తగ్గుతాయి. ఎక్కువ రక్తం పోతే తప్ప హీమోగ్లోబిన్ మామూలుగానే ఉంటుంది, ప్లీహం పెరగదు. ప్లేట్‌లెట్ల తగ్గుదలతో పాటు రక్తహీనత, పచ్చకళ్ళు, బల్ల ఉన్నట్లయితే సికిల్ సెల్ పరీక్ష చేయించడం అవసరం.

పరీక్షలు

- రక్త కణాల సంఖ్య, సూక్ష్మదర్శిని క్రింద రక్తపు పూత పరిశీలన. కొడవలి కణాలు, ముక్కలైన కణాలు, ప్లేట్‌లెట్లు ఇందులో కనిపిస్తాయి.
- సాల్యుబిలిటీ పరీక్ష. ఇది చౌకైనది, గ్రామాలలో కూడా చేయగలిగినది. హీమోగ్లోబిన్ ఎస్ ఉన్నదా లేదా అని మాత్రమే చెబుతుంది. వాహకులను, రోగులను వేరు చేయలేదు.
- హెచ్.పి.ఎల్.సి. లేదా హీమోగ్లోబిన్ ఎలక్ట్రోఫోరెసిస్. వాహకుడా, రోగియా అన్నది వీటితో తేలుతుంది.
- రక్తం గడ్డకట్టే కాలం, మూత్ర పరీక్ష, జ్వరం ఉంటే రక్తం కల్చర్, డెంగ్యూ, మలేరియా పరీక్షలు.

చికిత్సలో జాగ్రత్తలు

పర్‌ప్యూరాకు ఇచ్చే కొన్ని చికిత్సలు సికిల్ సెల్ రోగికి హాని చేయవచ్చు. అందువలన చికిత్స చేసే వైద్యునికి రోగికి సికిల్ సెల్ ఉన్న సంగతి ముందుగా తెలియడం చాలా ముఖ్యం.

- స్టీరాయిడ్లు: ఐ.టి.పి.కి మొదట వాడే మందులు ఇవే. సికిల్ సెల్ ఉన్నవారిలో ఇవి తీవ్రమైన నొప్పి దశను తెచ్చిపెట్టవచ్చు. మందు ఆపిన తరువాత నొప్పి తిరగబెట్టడం కూడా కలదు. తప్పనిసరైతే నిపుణుల పర్యవేక్షణలో వాడాలి.
- యాంటీ-డి ఇమ్యునోగ్లోబులిన్: ఇది ఎర్ర కణాలను నశింపజేయడం ద్వారా పనిచేస్తుంది. అసలే రక్తం తక్కువగా ఉన్న సికిల్ సెల్ రోగికి ఇది తగదు.
- నరం ద్వారా ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్: రక్తం చిక్కదనాన్ని పెంచుతుంది కనుక జాగ్రత్త అవసరం.
- నొప్పి మాత్రలు: సికిల్ సెల్ రోగులు నొప్పికి తరచు డైక్లోఫినాక్, ఐబుప్రోఫెన్ వంటివి వాడుతుంటారు. ఇవి, ఆస్పిరిన్ ప్లేట్‌లెట్ల పనిని మందగింపజేస్తాయి. మచ్చలు కనిపించినప్పుడు, డెంగ్యూ అనుమానం ఉన్నప్పుడు వీటిని మాని వైద్యుని సలహా మేరకు పారాసిటమాల్ వంటివి వాడాలి.
- ప్లీహం తొలగించడం: ప్లీహంలో రక్తం మాటిమాటికీ చిక్కుకుపోయేవారికి ఈ శస్త్రచికిత్స చేస్తారు. దీనికి ముందు న్యుమోకాకస్ తదితర టీకాలు వేయించాలి.
- ప్లేట్‌లెట్లు ఎక్కించడం: కారణాన్ని బట్టి నిర్ణయించాలి. టి.టి.పి.లో ప్లాస్మా మార్పిడి ప్రధాన చికిత్స. ప్రాణాంతక రక్తస్రావం లేనప్పుడు ప్లేట్‌లెట్లు ఎక్కించరు.

సికిల్ సెల్ ఉన్న చిన్నపిల్లలకు ప్రతిదినం పెన్సిలిన్ ఇవ్వడం వలన న్యుమోకాకస్ దాడి బాగా తగ్గుతుందని 1986లో అమెరికాలో వెలువడిన అధ్యయనం తెలిపింది.

తెలుగు ప్రాంతాలలో

భారతదేశంలో సికిల్ సెల్‌ను మొదట 1952లో నీలగిరి కొండలలోని గిరిజనులలో గుర్తించారు. తెలుగు ప్రాంతాలలో ఇది ఆదిలాబాదు ప్రాంతపు గోండులు, పర్ధానులు, కొలాములలోను, భద్రాచలం నుండి రంపచోడవరం, పాడేరు వరకు గల తూర్పు కనుమల మన్యంలోని కోయ, కొండరెడ్డి, కొండదొర, భగత తదితర తెగలలోను కనిపిస్తుంది. ఇవన్నీ చాలాకాలం మలేరియా ప్రబలంగా ఉన్న ప్రాంతాలు. ఈ వ్యాధి గిరిజనులకే పరిమితం కాదు, ఇతర కులాలలో కూడా ఉన్నది.

వాహకులకు మలేరియా నుండి రక్షణ ఉండడం వలననే ఈ జన్యువు ఈ ప్రాంతాలలో నిలిచిపోయిందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. అయితే ఇదే మన్యంలో వానాకాలంలో జ్వరంతో, బల్లతో, ప్లేట్‌లెట్ల తగ్గుదలతో వచ్చిన బిడ్డకు మలేరియా అని మాత్రమే తేల్చి పంపిస్తే సికిల్ సెల్ వ్యాధి మరుగున పడిపోయే ప్రమాదం ఉన్నది.

హైదరాబాదులో ఈ వ్యాధులకు సంబంధించిన సంస్థలు పలు చోట్ల ఉన్నవి. తలసీమియా రోగుల తల్లిదండ్రులు, వైద్యులు కలిసి 1998లో స్థాపించిన తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ శివరాంపల్లిలో ఉన్నది. ఇక్కడ రోగులకు రక్తం ఎక్కిస్తారు. నగరానికి తూర్పున తార్నాక, లాలాపేట్, నాచారం, హబ్సిగూడ, ఉప్పల్ ఒకదాని ప్రక్కన ఒకటి ఉన్నవి. వీటిలో హబ్సిగూడ వద్ద ఉప్పల్ రోడ్డు మీద సి.సి.ఎం.బి., ఉప్పల్‌లో సి.డి.ఎఫ్.డి. ఉన్నవి. సి.ఎస్.ఐ.ఆర్. చేపట్టిన సికిల్ సెల్ మిషన్‌లో సి.సి.ఎం.బి. పాల్గొన్నది. సి.డి.ఎఫ్.డి.లోని రోగ నిర్ధారణ విభాగం జన్యు వ్యాధులకు డి.ఎన్.ఎ. పరీక్షలు చేస్తుంది. నాచారం, మల్లాపూర్, ఉప్పల్ పారిశ్రామిక వాడలకు ఉపాధి కోసం జిల్లాల నుండి కుటుంబాలు తరలి వస్తుంటాయి. డెంగ్యూ ప్రబలే వానాకాలంలో లాలాపేట్ వంటి బస్తీలలో మచ్చలతో, జ్వరంతో వచ్చిన రోగిని స్వగ్రామం, కుటుంబంలో సికిల్ సెల్ ఉన్నదా అని అడగడం ఒక చిన్న ప్రశ్నే అయినా, పైన చెప్పిన పొరపాట్లను చాలావరకు నివారించగలదు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో సికిల్ సెల్ వ్యాధిని వైకల్యాల జాబితాలో చేర్చారు. 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో జాతీయ సికిల్ సెల్ ఎనీమియా నిర్మూలన కార్యక్రమం ప్రారంభమైనది. 40 సంవత్సరాల లోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేసి, 2047 నాటికి వ్యాధిని నిర్మూలించడం దీని లక్ష్యం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఇందులో ఉన్నవి.

చరిత్ర

1735లో జర్మనీ వైద్యుడు వెర్లాఫ్ నేడు ఐ.టి.పి. అని పిలుస్తున్న వ్యాధిని వర్ణించాడు. 1910లో జేమ్స్ హెరిక్ షికాగోలో గ్రెనడా దేశపు యువకుని రక్తంలో కొడవలి ఆకారపు కణాలను గురించి ప్రచురించాడు. 1924లో మోష్కోవిట్జ్ టి.టి.పి.ని మొదటిసారి వర్ణించాడు. 1949లో లైనస్ పాలింగ్ బృందం సికిల్ సెల్ ఎనీమియా ఒక అణువులోని దోషం వలన కలిగే వ్యాధి అని నిరూపించింది. 1951లో విలియం హారింగ్టన్ తన ప్రయోగ ఫలితాలను ప్రచురించాడు. అతడు ఐ.టి.పి. రోగి రక్తాన్ని తనకు తాను ఎక్కించుకోగా కొద్ది గంటలలో అతని ప్లేట్‌లెట్లు పడిపోయి మచ్చలు వచ్చాయి. ఆ వ్యాధికి కారణం రక్తద్రవంలోనే ఉన్నదని దీనితో తెలిసింది. 1954లో ఆంథొనీ ఆలిసన్ సికిల్ సెల్ వాహకత్వానికి, మలేరియాకు గల సంబంధాన్ని వెల్లడించాడు. ఆ తరువాత వెర్నన్ ఇన్‌గ్రామ్ హీమోగ్లోబిన్‌లో మారిన అమైనో ఆమ్లాన్ని కనుగొన్నాడు. ఈ విధంగా ఒకటి ఎర్ర కణం లోపలి దోషమని, మరొకటి ప్లేట్‌లెట్లపై జరిగే దాడి అని 20వ శతాబ్దం మధ్యకాలంలో స్పష్టమైనది.

వెంటనే ఆసుపత్రికి వెళ్ళవలసిన సందర్భాలు

సికిల్ సెల్ వ్యాధి ఉన్నవారిలో క్రింది లక్షణాలలో ఏది కనిపించినా ఆలస్యం చేయరాదు.

- నొక్కినా రంగు పోని మచ్చలు, ముఖ్యంగా జ్వరంతో కలిసి వచ్చినవి
- చిగుళ్ళు, ముక్కు నుండి ఆగకుండా రక్తం కారడం, నల్లని విరేచనం
- ఒక్కసారిగా పాలిపోవడం, కడుపు ఎడమవైపు ఉబ్బడం
- ఆయాసం, మగత, మాట తడబడడం, తీవ్రమైన తలనొప్పి

ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు సికిల్ సెల్ కార్డు, పాత రక్త పరీక్షల చీటీలు, వాడుతున్న మందుల వివరాలు, చివరిసారి రక్తం ఎక్కించిన తేదీ వెంట తీసుకువెళ్ళాలి. రోగికి మామూలు రోజులలో ఉండే హీమోగ్లోబిన్, ప్లేట్‌లెట్ల సంఖ్య తెలిసి ఉంటే, ఆనాటి సంఖ్యతో పోల్చి అపాయాన్ని త్వరగా గుర్తించడానికి వీలవుతుంది.

ఇవి కూడా చూడండి

- రక్తహీనత
- తలసీమియా
- ప్లీహము
- డెంగ్యూ జ్వరం
- మలేరియా
- లాలాపేట్